విశాలదృశ్యము – కెమెరా: ఒక చరిత్ర

సుల్తానాబాదు, పెద్దపల్లి, మంథని ప్రాంతములవారికి రామగిరి ఖిల్లా చిరపరిచితమైన కొండ. పొలముగట్టున నిలిచి చూచువానికి ఆ గిరిపంక్తి ఒక్క చూపులో ఇమడదు. ఒక కొసనుండి మఱియొక కొసకు మెడ త్రిప్పి చూడవలెను. అట్లు చూచినను మనస్సులో అది ముక్కలుగా నిలువదు. ఆద్యంతము ఒకే రేఖగా నిలుచును. కన్ను కదలినది, మెడ తిరిగినది, కొన్ని క్షణములు గడచినవి. అయినను మనస్సు వానినన్నిటిని కలిపి ఒకే చిత్రముగా దాచుకొన్నది. కెమెరాకు ఈ విద్య పుట్టుకతో అబ్బలేదు.

35 మిల్లీమీటర్ల ఫిల్ము వాడు సాధారణమైన కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్సు అమర్చి చిత్రము తీసినచో, అడ్డముగా దానికి కనబడునది సుమారు 40 డిగ్రీల మేర మాత్రమే. దిక్చక్రము మొత్తము 360 డిగ్రీలు. అనగా గుట్టపై నిలిచి నలుదిక్కులు పరికించువాని దృశ్యములో తొమ్మిదవ వంతు మాత్రమే ఒక చిత్రమున పడును. తక్కిన ఎనిమిది వంతులను పట్టుట ఎట్లు? ఈ చిన్న ప్రశ్నకు 180 సంవత్సరములుగా యంత్రకారులు చెప్పుచు వచ్చిన సమాధానములే విశాలదృశ్య ఛాయాచిత్రణ చరిత్ర.

ఆ సమాధానములలో దోషము లేనిది ఒక్కటియు లేదు. చుట్టును ఆవరించియున్న లోకమును చదునైన కాగితముపై పఱచునపుడు ఎక్కడనో ఒకచోట ముడుత పడక తప్పదు. భూగోళమును పటముగా గీయువారికిని ఇదే చిక్కు. ఒక కెమెరా సరళరేఖలను వంచును. ఒకటి అంచులను సాగదీయును. ఒకటి కదలువానిని వికృతముగా చూపును. ఇంకొకటి అతుకులను మిగుల్చును. కావున విశాలదృశ్యమునకు కెమెరాను ఎన్నుకొనుట యనగా, ఎదుటనున్న వస్తువు నెఱిగి, ఏ దోషము దానికి హాని చేయదో తెలిసికొనుటయే. ఈ సంగతిని చరిత్రయే మనకు బోధించును.

ఛాయాచిత్రము పుట్టుటకు పూర్వమే విశాలదృశ్యముపై ప్రజలకు మోజు కలిగినది. 1787లో రాబర్ట్ బార్కర్ అను చిత్రకారుడు ఒక కొత్త ప్రదర్శనపద్ధతికి బ్రిటనులో పేటెంటు పొందెను. గుండ్రని భవనముయొక్క లోపలి గోడ చుట్టును ఒకే చిత్రమును వ్రాసి, ప్రేక్షకుని నడుమ నిలుపుట ఆ పద్ధతి. ఎటు తిరిగినను చిత్రమే కనబడును గాని చిత్రపు అంచు కనబడదు. దానికి ఏర్పడిన పేరు 'పనోరమా'. గ్రీకు భాషలో 'పాన్' అనగా సమస్తము, 'హోరమా' అనగా దృశ్యము. 1793లో లండను నగరమందలి లీసెస్టర్ స్క్వేరులో బార్కర్ ఇందుకొఱకే ఒక వర్తులశాలను కట్టించెను.

ఈ వేడుకలో మన దక్షిణాపథమునకు కూడ పాత్ర కలదు. 1799 మే నెలలో శ్రీరంగపట్టణము పడిపోయి టిపూ సుల్తాను మరణించెను. ఆ ముట్టడిలో ఆంగ్లేయ సైన్యముతోపాటు హైదరాబాదు నిజాము సైన్యము కూడ ఉండెను. మరుసటి సంవత్సరమే రాబర్ట్ కెర్ పోర్టర్ అను యువచిత్రకారుడు ఆ ముట్టడిని సుమారు 120 అడుగుల పొడవుగల చిత్రముగా వ్రాసి లండనులో ప్రదర్శించెను. ప్రజలు దానిని చూచి అచ్చెరువొందిరి. అయితే చిత్రకారుడు అప్పటికి శ్రీరంగపట్టణమును కన్నులార చూచినవాడు కాడు. విశాలచిత్రమునకు నమ్మించుశక్తి ఎంత మెండో, సాక్ష్యము లేనిచో ఆ శక్తి ఎంత అపాయకరమో ఈ ఒక్క ఉదంతము తెలుపును. చూచినదానినే చూచినట్లు పట్టగల సాధనము కావలసియుండెను.

అట్టి సాధనము 1839లో వచ్చినది. దానిని లోకమునకిచ్చిన లూయీ డగేర్ స్వయముగా పారిస్ నగరమున భారీచిత్రముల ప్రదర్శనశాలను నడపినవాడే. వెండిపూత పూసిన రాగిరేకుపై వెలుతురుచేత బొమ్మను నిలుపు ఆయన పద్ధతి బయటపడిన కొద్ది సంవత్సరములకే రేకుల పరిమాణము చాలదను మాట వినవచ్చెను. 1844–45 ప్రాంతమున పారిస్‌లో నివసించుచున్న ఫ్రీడ్రిష్ ఫాన్ మార్టెన్స్ అను జర్మను చెక్కడపు చిత్రకారుడు ఒక వింత కెమెరాను చేసెను. దానిలో రేకును వంచి అమర్చుదురు. పిడిని త్రిప్పుచుండగా లెన్సు ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు తిరుగుచు, సన్నని చీలికగుండా వెలుతురును వంచిన రేకుపై పూయుచు పోవును. సుమారు 150 డిగ్రీల దృశ్యము ఒకే రేకుపై పడినది. మనిషి మెడ త్రిప్పి చూచు రీతినే యంత్రము అనుకరించినదన్నమాట. నేటివఱకు వచ్చిన 'తిరుగు లెన్సు' కెమెరాల మూలపురుషులలో ఇది యొకటి.

1859లో థామస్ సట్టన్ అను ఆంగ్లేయుడు ఇంకొక మార్గము త్రొక్కెను. లెన్సును త్రిప్పుటకు మారుగా, లోపల నీరు నింపిన గోళాకారపు లెన్సును చేయించి, దాదాపు 120 డిగ్రీల మేరను ఒకేసారి పట్టజూచెను. లెన్సు తిరుగదు గనుక కదలు వస్తువు వికృతము కాదు. కాని చిత్రము పడవలసిన గాజుపలక విల్లువలె వంగియుండవలెను. వంకర గాజుపై మందు సమముగా పూయుట, దానిని పగులకుండ కాపాడుట, పిమ్మట కాగితముపై అచ్చు తీయుట ఎంత ప్రయాసయో ఊహింపవచ్చును. యంత్రము తెలివైనదే; దానిని పోషించుటకు కావలసిన పలకయే దుర్లభము. కెమెరాను ఎన్నుకొనువారు లెన్సును మాత్రమే చూచి ముడిసరకును మఱచుట ఎంత పొరపాటో ఆనాడే తేలినది.

ఈ కారణములచేత పందొమ్మిదవ శతాబ్దిలో విశాలదృశ్యము కోరినవారిలో ఎక్కువమంది ప్రత్యేకమైన కెమెరాల జోలికి పోలేదు. ఉన్న కెమెరానే ముక్కాలిపీటపై నిలిపి, కొంచెము కొంచెముగా త్రిప్పుచు, ఒకదాని ప్రక్క నొకటిగా అనేక పలకలు తీసి, అచ్చులను అంచులకడ అతికిరి. మన దేశమున 1858లో ఫెలిచే బియాటో అను ఛాయాచిత్రకారుడు తిరుగుబాటు అణగిన వెనుక లక్నో, ఢిల్లీ నగరముల విశాలచిత్రములను ఈ విధముగనే సమకూర్చెను. ఆనాటి తడిపలక పద్ధతిలో గాజుపై మందు పూసిన పిమ్మట అది ఆరకముందే చిత్రము తీసి, ఆరకముందే కడుగవలెను. ఒక పలకకును మఱియొక పలకకును నడుమ నిమిషములు గడచును. ఎండ మారును, నీడ జరుగును. అందుచేతనే అట్టి చిత్రములలో ఒక ముక్కలోని ఆకాశము తెల్లగను ప్రక్కముక్కలోనిది మబ్బుగను కనబడుట కలదు.

అతికెడు పద్ధతిలో మన దక్షిణదేశమున జరిగిన ఒక ఘనకార్యమును ప్రత్యేకముగ చెప్పవలెను. లిన్నీయస్ ట్రైప్ అను సైనికోద్యోగి 1856 మొదలు 1860 వఱకు మద్రాసు ప్రభుత్వమునకు ఛాయాచిత్రకారుడుగా ఉండెను. సర్ వాల్టర్ ఇలియట్ 1845లో త్రవ్వించి మద్రాసు చేర్చిన అమరావతీ శిల్పఫలకములను, అవి లండను నగరమునకు తరలిపోకముందు, ఫొటోలు తీసినది ఈ ట్రైపే. 1858లో ఆతడు తంజావూరు బృహదీశ్వరాలయమున అధిష్ఠానము చుట్టును చెక్కియున్న శాసనములను తీయ బూనుకొనెను. 21 చిత్రములను అతికి, సుమారు 19 అడుగుల పొడవుగల ఒకే పట్టీగా చేసెను.

ఈ కార్యమున గమనింపదగిన విశేష మొకటి కలదు. శాసనము గోడవెంట పఱచుకొనియున్నది. ఒకచోట నిలిచి కెమెరాను త్రిప్పినచో దగ్గరి అక్షరములు పెద్దవిగను, దూరపు అక్షరములు చిన్నవిగను పడును, చదువుటకు పనికిరావు. కావున ట్రైప్ కెమెరాను త్రిప్పలేదు, గోడవెంట నడిపించెను. కొండను తీయునపుడు కెమెరా తిరుగవలెను. గోడను తీయునపుడు కెమెరా నడువవలెను. ఈ భేదము తెలిసినవానికి విశాలదృశ్య విద్యలో సగము తెలిసినట్లే. యంత్రము పాతది, కాగితపు నెగటివులు మొరటువి. వస్తువు నెఱిగిన బుద్ధియే ఆ చిత్రమును నిలిపినది.

ఇక మన తెలంగాణము సంగతి. నిజాము రాజ్యమున ఛాయాచిత్రకళ యనగానే తలంపునకు వచ్చు పేరు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ సమీపమందలి సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో కొలువు చేయుచు 1870 దశకమున కెమెరాను చేపట్టిరి. 1880 దశకము నడుమ ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానమున ఛాయాచిత్రకారులైరి. 'ముసవ్విర్ జంగ్' అను బిరుదు నిజాము ప్రసాదించినదే. చౌమహల్లా, ఫలక్‌నుమా సౌధములు, గోలకొండ, హనుమకొండ దేవాలయము మొదలైనవి వారి పలకలపై నిలిచినవి. అప్పటికి తడిపలకలు పోయి, ముందే సిద్ధముచేసి పెట్టుకొనదగిన పొడిపలకలు వచ్చినవి. పెద్దకెమెరా, పెద్ద గాజుపలక, నిశ్చలమైన ముక్కాలిపీట – ఇవి వారి సాధనములు. పెద్దపలకలోని సూక్ష్మవివరమే ఆనాడు విశాలతకు ప్రతినిధి. దూరముగా నిలిచి మొత్తమును తీసినను ఒక్కొక్క కిటికీని లెక్కపెట్టవచ్చును. వారి గాజునెగటివులు 2,857 ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నేటికిని భద్రముగా నున్నవి.

దీన్‌దయాళ్ 1905లో గతించిరి. మూడు సంవత్సరములకు, 1908 సెప్టెంబరు 28న, మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తెను. వేలాది జనము మరణించిరి. వరద తీసినపిమ్మట తెగిన వంతెనలను, కూలిన పేటలను రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్ సంస్థవారు వరుసగా ఫొటోలు తీసిరి. నగరరక్షణకు సలహా చెప్పుటకై 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చుటయు, తత్ఫలితముగా 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియగుటయు జగద్విదితమే. వరదతో పాత నదీతీరము రూపుమాసిపోయెను. ఆ తీరమును గూర్చి నేడు విచారించువారు ఈ చిత్రములనే ఆశ్రయించుచున్నారు.

అట్టి చిత్రములను ముందు పెట్టుకొని చూచునపుడు ఒక ప్రశ్న పుట్టును: ఈ కూలిన గోడ ప్రక్కన ఏమున్నది? ఈ మసీదు వంతెనకు ఎడమనా, కుడినా? సాధారణచిత్రము ఒక వస్తువు ఎట్లుండెనో చెప్పును. ఏది దేని ప్రక్కన ఉండెనో చెప్పునది విశాలచిత్రము. ఊరనగా ఇండ్ల మొత్తము మాత్రమే కాదు. చెఱువుకు గుడి ఎంతదూరము, గుడికి చింతచెట్టు ఎటువైపు, చెట్టు వెనుక గుట్ట ఎంత ఎత్తు అను సంబంధముల మొత్తము. ఇండ్లు పెండ్లిఫొటోల వెనుక ఎట్లో ఒకట్లు మిగులును. సంబంధములు మిగులవలెనన్నచో వానిని బుద్ధిపూర్వకముగా తీయవలెను.

ఇంతలో పాశ్చాత్యదేశములలో గాజు స్థానమున చుట్టదగిన ఫిల్ము వచ్చినది. సట్టనును వేధించిన వంకరపలక చిక్కు దీనితో తీరిపోయెను. ఫిల్మును ఎట్లు వంచిన అట్లు వంగును. 1898లో అమెరికాయందు 'ఆల్‌విస్టా' అను తిరుగు లెన్సు కెమెరా అమ్మకమునకు వచ్చెను. లెన్సు తిరుగు వేగమును తగ్గించుటకు దానికి చిన్న రేకు ఱెక్కలు తగిలించెడివారు. గాలి వానిని అడ్డగించుటచేత లెన్సు నెమ్మదించును. మరుసటి సంవత్సరము కొడాక్ సంస్థ 'పనోరమ్' అను కెమెరాను విడుదల చేసెను. అందు పెద్దది 142 డిగ్రీల దృశ్యమును 12 అంగుళముల పొడవుగల ఫిల్ముపై పట్టగలదు. పూర్వము పండితులకు మాత్రమే సాధ్యమైన పని సామాన్య గృహస్థుని చేతికి వచ్చినది.

1904లో పేటెంటు పొందిన 'సర్కట్' కెమెరా ఇంకను ముందుకు పోయెను. అందు లెన్సు మాత్రమే గాక కెమెరా మొత్తము పళ్ళచక్రముపై గుండ్రముగా తిరుగును. అది తిరుగుచుండ లోపలి ఫిల్ము అదే వేగముతో ఎదురుదిక్కునకు చీలికముందుగా జరుగును. 360 డిగ్రీలు పూర్తిగా తిరిగినను ఆటంకము లేదు. చిత్రము పలు అడుగుల పొడవు వచ్చును. వందలాది సైనికులను, విద్యార్థులను ఒకే చిత్రమున చూపుటకు దీనిని విరివిగా వాడిరి. అయితే ఒక కిటుకు కలదు. జనమును తిన్నని వరుసలో నిలిపినచో, నడిమివారు దగ్గరగను కొసలవారు దూరముగను ఉండుటచేత చిత్రమున వరుస వంగిపోవును. కావున కెమెరాచుట్టు విల్లువలె నిలుపుదురు; అపుడు చిత్రమున వరుస తిన్నగా వచ్చును. లోకమును వంచి చిత్రమును తిన్నగా చేసిరన్నమాట. కొంటెకుఱ్ఱవాడొకడు ఒక కొసన నిలిచి, కెమెరా తనను దాటిపోగానే వెనుకనుండి పరుగెత్తి రెండవ కొసన నిలిచి, ఒకే చిత్రములో రెండుసార్లు పడుట ఆ దినములలో ప్రసిద్ధమైన అల్లరి. ఒక విశాలచిత్రములో ఒకే క్షణము కాక అనేక క్షణములు ఉండునని ఆ కుఱ్ఱవాడు శాస్త్రజ్ఞులకంటె సులభముగా నిరూపించెను.

ఇరువదవ శతాబ్దము నడుమ ఈ యంత్రములు చేతిలో ఇమిడినవి. జపానునందలి పానన్ సంస్థ 1958లో 'వైడ్‌లక్స్' అను కెమెరాను చేసెను. సినిమాకు వాడునట్టి 35 మిల్లీమీటర్ల ఫిల్మే దానికి చాలును. 26 మిల్లీమీటర్ల లెన్సు ఒక డోలులో అమరి తిరుగుచు, 59 మిల్లీమీటర్ల పొడవు చిత్రమున దాదాపు 140 డిగ్రీల దృశ్యమును పట్టును. 1967లో సోవియట్ దేశమున క్రాస్నొగోర్స్క్ కర్మాగారము 'హొరిజాంట్' అను దానిని చేసెను. అది 120 డిగ్రీలు పట్టును. మేస్త్రీల రసమట్టమువంటి బుడగ ఒకటి దానికి అమర్చియుండును. మార్టెన్స్ పిడి త్రిప్పిన యంత్రమునకు ఈ రెండును మనుమలు.

లెన్సు తిరుగుట యిష్టములేనివారు వేఱొకదారి పట్టిరి. తిన్నని ఫిల్మునే పొడవుగా వాడి, దానిని నింపగల మేలైన లెన్సును స్థిరముగా అమర్చిరి. 1976లో జర్మనీనుండి లిన్‌హాఫ్ వారి 'టెక్నోరమా', 1983లో జపానునుండి ఫ్యూజీ వారి 'జి617' ఈ తెగకు చెందినవి. 120 రకపు చుట్టపై నాలుగు చిత్రములు మాత్రమే వచ్చును. ఒక్కొక్కటి సుమారు 17 సెంటీమీటర్ల పొడవు. 105 మిల్లీమీటర్ల లెన్సుతో 77 డిగ్రీల మేర పట్టును. సరళరేఖ సరళరేఖగనే వచ్చును. అయితే అంచులకడ వెలుతురు తగ్గును. దానిని సరిచేయుటకు నడుమ నల్లబాఱిన ప్రత్యేకపు ఫిల్టరు తగిలింపవలెను. 1998లో ఫ్యూజీ వారు తయారుచేయగా హాసెల్‌బ్లాడ్ పేరుతో వచ్చిన 'ఎక్స్‌పాన్' ఇదే సూత్రమును 35 మిల్లీమీటర్ల ఫిల్మునకు తగ్గించెను. 65 మిల్లీమీటర్ల పొడవు చిత్రము, 45 మిల్లీమీటర్ల లెన్సుతో సుమారు 72 డిగ్రీలు. 2006లో దాని ఉత్పత్తి నిలిచిపోయెను. ఇప్పుడు పాతవే చేతులు మారుచున్నవి, వెలయు హెచ్చు.

ఈ చరిత్రను చేతబట్టుకొని మన ప్రాంతమునకు మరల వత్తము. ఏ వస్తువునకు ఏ కెమెరా?

రామగిరివంటి కొండకు తిరుగు లెన్సు కెమెరా తగును. కొండకు తిన్నని అంచులు లేవు గనుక రేఖలు వంగినను కన్ను పట్టదు. ఒక్కటే నియమము: కెమెరా మట్టసముగా ఉండవలెను. బుడగ నడుమ నిలువనిచో దిగంతము గిన్నెవలెనో, బోర్లించిన గిన్నెవలెనో వంగును. చేతివ్రేళ్ళు, ముక్కాలిపీట కాళ్ళు కూడ చిత్రమున పడును. 140 డిగ్రీలనగా అంత వెడల్పు.

ఎల్గందల కోటకుడ్యములను, వీధివెంట నున్న తిన్నని ఇండ్లవరుసను దగ్గరనుండి తీయుటకు ఆ కెమెరా పనికిరాదు. నడుమ ఉబ్బి, కొసలు సన్నగిల్లి, గోడ కాస్త పీపావలె కనబడును. అచట తిన్నని ఫిల్ము గల కెమెరా కావలెను. అది లేనిచో ట్రైప్ చేసినట్లు సాధారణ కెమెరాతో గోడవెంట నడచుచు ముక్కలుగా తీయవలెను. సుల్తానాబాదుకు చేరువనున్న ధూళికట్టలో మట్టికోటగట్టు, బౌద్ధస్తూపస్థలము కలవు. గట్టు ఎత్తు తక్కువ, పొడవు ఎక్కువ. అట్టిచోట విశాలచిత్రము సార్థకము: శిల్పఫలకమును దగ్గరి చిత్రము చూపును, స్తూపము కోటకు ఎటువైపున ఉన్నదో విశాలచిత్రము మాత్రమే చూపును.

కాళేశ్వరమున గోదావరీ ప్రాణహితల సంగమము, నాట్లు వేయు స్త్రీల వరుస, అంగడి – ఇవి కదలు దృశ్యములు. తిరుగు లెన్సు ఒకకొసనుండి మఱియొక కొసకు పోవుటకు పట్టు వ్యవధిలో, లెన్సు పోవు దిక్కునకే పోవు బండి సాగిపోయి రైలుపెట్టెవలె కనబడును; ఎదురుగా వచ్చు బండి కుంచించుకొనిపోవును. నీటికి ఇది దోషము కాదు, మనుష్యులకు దోషము. కావున జనమున్నచోట ఎక్స్‌పాన్ వంటి స్థిరమైన కెమెరా మేలు. మూడవ మార్గము, చవకైనది, ఎప్పుడును పాతపడనిది, అతుకుట. సాధారణ కెమెరాను నిలువుగా నిలిపి, ముక్కాలిపీటపై త్రిప్పుచు, ఒక్కొక్క చిత్రము మూడవ వంతు ముందరి చిత్రముపై పడునట్లు తీయవలెను. వెలుతురు కొలత మొదట ఒకసారి నిర్ణయించి తుదివఱకు మార్చరాదు. లెన్సును కేంద్రముగా చేసికొని త్రిప్పినచో దగ్గరి వస్తువులు చక్కగా కలియును. కెమెరా వెనుకభాగమును కేంద్రముగా చేసికొన్నచో కలియవు.

సర్కట్ కెమెరాపై మోజుపడువారు ఒక మాట వినవలెను. దాని కొలతకు సరిపడు వెడల్పు ఫిల్ము నేడు సులభముగా దొరకదు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము, 120 చుట్ట మాత్రము నేటికిని తయారగుచున్నవి. సట్టను నీటిలెన్సుకు పట్టిన గతియే పలకలు దొరకని ప్రతి కెమెరాకు పట్టును.

నేడు చేతిఫోను కూడ అటునుండి ఇటు త్రిప్పగానే విశాలచిత్రమును కూర్చి యిచ్చును. సర్కట్ సూత్రమునకు బియాటో అతుకు తోడైనదే ఆ విద్య, దానిని తృణీకరింపనక్కరలేదు. అయితే ఫోను అతికినది నేర్పుగా అతికినందున అతుకు కనబడదు. లేని చెట్టు సగము మాయమైనను మనకు తెలియదు. ఫిల్ముపై పడిన నెగటివు తెగని ఒకే ముక్క. దోషమున్నచో ఏ దోషమో చూచినంతనే తెలియును. సాక్షి తడబడినను అబద్ధమాడడన్నమాట. దీన్‌దయాళ్ పలకలు ఒక శతాబ్ది దాటియు వెలుతురునకెత్తి చూడగానే మాటాడుచున్నవి.

ఈ విచారము వినోదమునకు మాత్రమే కాదు. కరీంనగరు గ్రానైటు రాయికి విదేశములలో గిరాకి కలదు. అందువలన ఈ ప్రాంతమున గుట్టలు కోతకు లోనగుచున్నవి. 1974లో మొదలై 1985లో పూర్తియైన దిగువ మానేరు జలాశయము క్రింద పొలములు, పల్లెలు మునిగినవి. ఎల్లంపల్లి, మధ్యమానేరు జలాశయములకొఱకును ఊళ్ళు లేచిపోయినవి. రామగుండము ప్రాంతమున బొగ్గుకొఱకు త్రవ్విన ఉపరితల గనులు నేలరూపునే మార్చివేసినవి. నీరు కావలెను, బొగ్గు కావలెను, రాయి కావలెను. వాదము దానిని గుఱించి కాదు. కాని పోయిన గుట్ట మరల మొలవదు. దాని ఆకారమును, దాని ప్రక్కనున్న ఊరిని కలిపి చూపు చిత్రము ఒక్కటియు లేకపోయినచో, అచ్చట గుట్ట ఉండెనను మాటను మనుమలు కథగా విందురు గాని నమ్మరు.

అందుచేత కెమెరా ఏదైనను కానిండు; చేయవలసిన పని స్పష్టము. ఊరిప్రక్కనున్న గుట్టను, చెఱువును, వాగును ఒకేచోట నిలిచి, ఒకేదిక్కునకు తిరిగి, కొన్ని సంవత్సరముల కొకసారి తీయవలెను. వర్షాకాలమున కన్న, గాలి తేటగా నుండు కార్తీక మార్గశిరములలో, సూర్యుడు వీపువైపున ఉండగా తీయుట మేలు. అచ్చు వెనుక ఊరిపేరు, నిలిచినచోటు, చూచినదిక్కు, తేది పెన్సిలుతో వ్రాయవలెను. ట్రైప్ తీసిన శాసనపంక్తి నేటికిని ప్రయోజనపడుటకు కారణము ఆతని యంత్రము ఒక్కటే కాదు. ఏది ఎక్కడ తీసెనో తెలియుటయే. నెగటివు ఎంత పొడవైనను, వెనుక నాలుగు మాటలు లేనిచో అది ఎవరి ఊరో చెప్పువారుండరు.